పదకొండో పేరు

2023 జూన్ 26, సోమవారం సాయంత్రం. ఈపూరులో మా అన్న ఎరువుల కొట్లో కూర్చుని ఉన్నాను. అన్న అంటే మా పెద్దనాన్న కొడుకు. ఆఫీసులో అడిగి పదిరోజులు ఇంటినుంచి పని చేసుకుంటానని ఊరొచ్చాను. పత్తి విత్తనాల సీజను. వాన ఇవాళో రేపో అన్నట్టుంది గానీ పడటం లేదు. వచ్చినవాళ్ళు ప్యాకెట్టు రేటు అడగటం, ఆకాశం వంక చూడటం, మళ్ళీ వస్తాంలే అని వెళ్ళిపోవటం. బేరాల్లేక, డీఏపీ బస్తా మీద నా ఫోన్ నిలబెట్టుకుని ఇద్దరం మ్యాచ్ చూస్తున్నాం.

ఇండియా మ్యాచ్ కాదు. హరారేలో వెస్టిండీస్, నెదర్లాండ్స్. వరల్డ్ కప్‌కి క్వాలిఫయర్. వెస్టిండీస్ 374 కొట్టింది. నికోలస్ పూరన్ 65 బంతుల్లో 104 నాటౌట్.

"ఇంకేం చూస్తావురా, ఆపెయ్. చార్జింగన్నా మిగిలుద్ది" అన్నాడు అన్న.

ఆపలేదు. నాలుగు వికెట్లు పడ్డాక ఇద్దరు నిలబడ్డారు. ఒకడు కెప్టెన్ స్కాట్ ఎడ్వర్డ్స్. రెండోవాడు నల్లగా, గడ్డంతో, మన గుంటూరు బస్టాండులో కనపడితే ఏ కాలేజీ లెక్చరరో అనుకునేట్టున్నాడు. వెస్టిండీస్ బౌలర్లని చితక్కొడుతున్నాడు. అన్న విత్తనాల పుస్తకం పక్కన పెట్టేసి ముందుకి వంగాడు.

"ఇతనెవడ్రా? మనోడిలాగా ఉన్నాడే."

"మనోడే అన్నా. తేజ నిడమానూరు. విజయవాడలో పుట్టాడు."

"నిడమానూరంటే? ఏలూరు రోడ్డులో నిడమానూరా?"

ఆ మాట విన్నప్పుడు నాకూ ఒళ్ళు ఝల్లుమంది. అప్పటిదాకా ఆ పేరుని ఇంగ్లిష్ కామెంటేటర్ల నోట విరిగి ముక్కలై వినటమే. అన్న నోట అది మళ్ళీ ఊరి పేరైంది. మన ఇంటిపేర్లలో సగం ఊళ్ళే కదా. ఎప్పుడో ఏ తాతో ఒక ఊరు వదిలి ఇంకో ఊరొస్తే, కొత్త ఊరివాళ్ళు పాత ఊరి పేరు తగిలించి పిలుస్తారు. అదే ఇంటిపేరై కూర్చుంటుంది. ఆ వదిలేసిన ఊరు ఇప్పుడు నారింజరంగు జెర్సీ వీపు మీద హరారేలో పరిగెడుతోంది.

తేజ 76 బంతుల్లో 111 కొట్టి అవుటయ్యాడు. చివర్లో లోగన్ వాన్ బీక్ బాది బాది స్కోరుని సరిగ్గా 374 దగ్గరికి తెచ్చి, ఆఖరి బంతికి అవుటయ్యాడు. టై. సూపర్ ఓవర్. జేసన్ హోల్డర్ బంతులు ఆరింటికి 4, 6, 4, 6, 6, 4. మొత్తం 30. తర్వాత అతనే బౌలింగుకి వచ్చి రెండు వికెట్లు తీసి ముగించేశాడు. వాన్ బీక్ తాత సామీ గిల్లెన్ ఒకప్పుడు వెస్టిండీస్‌కీ ఆడాడు, న్యూజీలాండ్‌కీ ఆడాడు. మనవడు న్యూజీలాండ్‌లో పుట్టి, నెదర్లాండ్స్‌కి ఆడి, వెస్టిండీస్‌ని ఓడించాడు. ఇదంతా చెప్తుంటే అన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగరా. ఇతను పుట్టింది విజయవాడ అంటివి. వాళ్ళకెట్టా ఆడతన్నాడు? ఎవరూ అడగరా?"

అడుగుతారు. అడగటానికి ఒక రూలుంది. అన్నకి అది చెప్పబోయే నేను ఇరుక్కుపోయాను.

*

ఆ జట్టు సంగతి కొంచెం చెప్పాలి. నెదర్లాండ్స్ జనాభా కోటీ డెబ్భై అయిదు లక్షల పైచిలుకు. అక్కడ ఆటంటే ఫుట్‌బాల్. తర్వాత హాకీ, స్కేటింగ్, సైకిళ్ళు. క్రికెట్ ఎక్కడో అడుగున. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఎండ కాసినన్నాళ్ళే ఆట, మిగతా రోజులు ఇండోర్ నెట్సే. చాలా క్లబ్బుల్లో పచ్చిక పిచ్ కూడా ఉండదు, కృత్రిమమైన పట్టా మీదే ఆడుకుంటారు. ఆటగాళ్ళలో కొందరికి బోర్డు కాంట్రాక్టు ఉంటుంది, కొందరికి ఇంగ్లిష్ కౌంటీల్లో, మిగిలినవాళ్ళకి ఉద్యోగాలు. 2020లో టీ20 వరల్డ్ కప్ వాయిదా పడినప్పుడు పాల్ వాన్ మీకెరెన్ అనే ఫాస్ట్ బౌలరు, ఈ చలికాలం గడవటానికి ఫుడ్ డెలివరీ చేస్తున్నానని ట్వీట్ చేశాడు. మూడేళ్ళ తర్వాత ఈడెన్ గార్డెన్స్‌లో బంగ్లాదేశ్ మీద నాలుగు వికెట్లు తీసింది అతనే.

ఇలాంటి జట్టు వరల్డ్ కప్ ఆడాలంటే ముందు వరల్డ్ కప్‌కి వెళ్ళటానికి ఆడాలి. 2007లో 16 జట్లుండేవి. 2011లో, 2015లో 14. 2019కి వచ్చేసరికి 10కి కుదించారు. ప్రపంచమంతా తమ ఆట విస్తరించాలని చూస్తుంటే, క్రికెట్ తలుపు మూసుకుంటూ వచ్చింది. 2023కి నేరుగా వెళ్ళటానికి 13 జట్ల సూపర్ లీగ్ ఒకటి పెట్టారు. అందులో నెదర్లాండ్స్ 13వది. ఆ క్రమంలోనే 2022 జూన్‌లో ఆమ్‌స్టెల్‌వీన్‌లో ఇంగ్లాండ్ వీళ్ళ మీద 498 పరుగులు కొట్టింది. వన్డేల్లో అది రికార్డు. పక్కనున్న చెట్లలో పడిన బంతుల కోసం వాళ్ళ ఫీల్డర్లు వెతుక్కుంటున్న వీడియోలు చూసి నేను కూడా నవ్వాను.

చిన్న జట్టుకి ప్రాక్టీసంటే ఇదే మరి. పెద్దవాళ్ళ చేతిలో తన్నులు తినటం. ఆ తన్నులు కూడా అడిగినప్పుడల్లా దొరకవు. 2023 మార్చిలో జింబాబ్వే వెళ్ళారు. అక్కడ హరారేలోనే, 250 లక్ష్యానికి 110కి ఆరు వికెట్లు పోయిన చోట, తేజ 110 నాటౌట్‌గా నిలబడి మ్యాచ్ గెలిపించాడు. మూడు నెలల తర్వాత అదే దేశంలో క్వాలిఫయర్. పది జట్లు, రెండే చోట్లు. అసలు సమయానికి ఆకర్మన్, వాన్ డెర్ మెర్వె, వాన్ మీకెరెన్ లాంటి అనుభవమున్నవాళ్ళు కౌంటీ కాంట్రాక్టుల వల్ల రాలేకపోయారు. ఉన్నవాళ్ళతో వెళ్ళారు.

ఆ ఉన్నవాళ్ళెవరు? కెప్టెన్ ఎడ్వర్డ్స్ పుట్టింది టోంగాలో, పెరిగింది ఆస్ట్రేలియాలో. ఓపెనర్ విక్రమ్‌జీత్ సింగ్ పంజాబ్ పల్లెలో పుట్టి చిన్నప్పుడే అక్కడికి వెళ్ళాడు. మాక్స్ ఓ'డౌడ్‌ది ఆక్లాండ్. తేజ విజయవాడలో పుట్టి, న్యూజీలాండ్‌లో పెరిగి, క్లబ్ క్రికెట్ ఆడటానికి నెదర్లాండ్స్ వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. బాస్ డి లీడె మాత్రం మనం ఊహించుకునే డచ్చివాడు. వాళ్ళ నాన్న టిమ్ డి లీడె 2003 వరల్డ్ కప్‌లో సచిన్ వికెట్ తీసిన మనిషి. అంతెందుకు, ఆ టోర్నీకి వచ్చిన అమెరికా జట్టులోనూ ఒక తేజ ఉన్నాడు, సాయితేజ ముక్కామల. అదీ ఊరి పేరే.

"ఎవరూ అడగరా?" అన్నాడు కదా అన్న. చెప్పాను. ఐసీసీ రూలు ప్రకారం ఒక దేశానికి ఆడాలంటే అక్కడ పుట్టి ఉండాలి, లేకపోతే ఆ దేశ పౌరుడై ఉండాలి, అదీ లేకపోతే వరసగా మూడేళ్ళు అక్కడ కాపురం ఉండాలి.

"ఉంటే చాలా?"

"చాలు."

అన్న ఫోన్ వంక చూడటం మానేశాడు. రోడ్డు వంక చూస్తూ అన్నాడు.

"ఆదోనోడు మూడేళ్ళు వచ్చాడుగా మనూరికి."

*

పల్నాడు గురించి తెలియనివాళ్ళకి చెప్తున్నాను. మా వైపు మిరప కోతలు సంక్రాంతికి ముందూ వెనకగా మొదలై ఎండలు ముదిరేదాకా సాగుతాయి. కోతకి ఊళ్ళో మనుషులు చాలరు. కర్నూలు వైపునుంచి, ముఖ్యంగా ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుంచి కుటుంబాలకి కుటుంబాలు లారీల్లో దిగుతాయి. వంటసామాను, కోళ్ళు, చంటిపిల్లలు, బడి మానేసిన పిల్లలు. చేల పక్కన పరదాలతో గుడారాలు వేసుకుని రెండు మూడు నెలలుంటారు. మా ఊళ్ళ డబ్బంతా వాళ్ళ చేతులమీదుగా మిరపకాయలై యార్డుకి వెళుతుంది. వాళ్ళ చేతులు మాత్రం ఆ మూడు నెలలూ మండుతూనే ఉంటాయి.

ఆ గుడారాల్లోంచి వచ్చాడు వాడు. నా ఈడువాడే. మొదటి ఏడు మేం ఎండిన చెరువులో ఆడుకుంటుంటే గట్టు మీద కూర్చుని చూసేవాడు. ఒకసారి బంతి గట్టు దాటి పోతే అక్కడినుంచే విసిరాడు. అది నేల తాకకుండా వచ్చి కీపర్ చేతిలో పడింది. మా జట్టుకి కెప్టెన్ అన్నే. అన్న వాణ్ణి పిలిచి బంతి చేతికిచ్చాడు. రెండో ఏడు పని దిగాక రోజూ వచ్చి బౌలింగు వేసేవాడు. మూడో ఏడు వచ్చేసరికి మేమే ఎదురు చూస్తున్నాం, ఆదోనోడు దిగాడా లేదా అని.

అదే వాడి పేరు. "ఒరే ఆదోనీ, బాల్ అందుకో." "ఆదోనిగాడికి మూడో ఓవర్ ఇయ్యి." వాళ్ళది ఆదోని కూడా కాదట, దాని దగ్గర ఏదో పల్లె. పల్లె పేరు కూడా మేం అడగలేదు.

ఆ మూడో ఏడు నేను నరసరావుపేటలో ఇంటర్ రెండో సంవత్సరం. శివరాత్రికి ముందు మండలం టోర్నమెంటు పెట్టారు. మాకు శివరాత్రి అంటే కోటప్పకొండ తిరనాళ్ళు. ప్రభలు కట్టేవాళ్ళు ప్రభలు కడుతుంటే కుర్రాళ్ళు క్రికెట్ ఆడుకుంటారు. టెన్నిస్ బంతి, పది ఓవర్లు, ఎంట్రీ ఫీజు, ఫైనల్ గెలిచినవాళ్ళకి డబ్బు, కప్పు. కరపత్రం కింద రెండు రూల్స్ ఉన్నాయి. ఒకటి, అంపైరుదే తుది నిర్ణయం. రెండు, మండలానికి చెందిన ఆటగాళ్ళే ఆడాలి, ఆధార్ కార్డు తప్పనిసరి.

ఆ రెండో రూలుని తప్పుపట్టటం తేలిక. అది లేకపోతే ఏమవుతుందో కూడా మాకు తెలుసు. డబ్బున్న ఊళ్ళవాళ్ళు గుంటూరు నుంచీ ఒంగోలు నుంచీ రోజుకింతని ఇచ్చి మంచి మంచి ఆటగాళ్ళని దింపేవాళ్ళు. వాళ్ళని గెస్ట్ ప్లేయర్లనేవాళ్ళం. వాళ్ళొస్తే సొంతూరి కుర్రాళ్ళు గట్టున కూర్చోవటమే. ఆ పోటీలో మా లాంటి జట్లు రెండో రోజు ఉండవు. కాబట్టి ఆ రూలు మా కోసం పెట్టిందే.

మాది ఊరి మొదటి జట్టు కాదు. వెనక బజారు జట్టు. ఊళ్ళో బజారంటే ఏమిటో పల్లెలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పోయినేడు బాగా ఆడిన జట్లకి నేరుగా క్వార్టర్ ఫైనల్. మిగిలినవాళ్ళు ముందు ఆదివారం తమలో తాము ఆడి గెలిచి రావాలి. అంటే మాకు క్వాలిఫయర్. అప్పుడా మాట తెలీదు, "ముందాట" అనేవాళ్ళం.

ముందాటకి మా ప్రాక్టీసు చెప్తాను. చెరువులో పిచ్ మీద నీళ్ళు చల్లి, రోలర్ లేదు కాబట్టి నీళ్ళు నింపిన డ్రమ్ముని దొర్లించేవాళ్ళం. రెండు బ్యాట్లు, అందులో ఒకదానికి సైకిల్ ట్యూబు చుట్టి ఉంది. ఆదోనోడు పొద్దున ఆరింటినుంచి కోతకెళ్ళి, సాయంత్రం చేతులు మట్టితో రుద్దుకుని వచ్చేవాడు. మిరప ఘాటుకి ఆ చేత్తో కళ్ళు తుడుచుకోకూడదని వాడికి తెలుసు, వాడి చేతినుంచి బంతి అందుకునే మాకు తెలీదు. బంతి రుద్ది కళ్ళు నలుపుకుని ఏడ్చేవాళ్ళం. మ్యాచ్ రోజు వాడి కూలి పోతుంది. అందుకని పదకొండు మందిమీ తలా కాస్త వేసుకుని ఆ రోజు కూలి వాళ్ళమ్మ చేతిలో పెట్టాం. ఆమె డబ్బు లెక్కపెట్టుకుని, "దెబ్బ తగిలితే ఎవరిది పూచీ?" అని అడిగింది. అన్న "నాది" అన్నాడు.

నేను ఆ పదకొండు మందిలో లేను. నాకు బ్యాటూ రాదు, బంతీ రాదు. దస్తూరి బాగుంటుందని స్కోరర్‌ని చేశారు. లాంగ్ నోట్‌బుక్కులో గీతలు కొట్టి, పేర్లు వరసగా రాసేవాణ్ణి. అందరికీ ఇంటిపేరూ పేరూ. ఎనిమిదో గీత మీద ఒక్క మాటే, ఆదోని.

ముందాట గెలిచాం. వాడు 41 కొట్టాడు, రెండు వికెట్లు తీశాడు. కార్డు ఎవరూ అడగలేదు.

క్వార్టర్ ఫైనల్‌కి అడిగారు. టాస్ కూడా పడ్డాక అవతలి జట్టు కెప్టెన్ నిర్వాహకుల దగ్గరికెళ్ళి చెవిలో ఏదో చెప్పాడు. ఇద్దరు నా బల్ల దగ్గరికొచ్చారు. ఒకాయన నోట్‌బుక్కు తిప్పి చూశాడు.

"ఈ ఆదోని ఎవరు?"

అన్న దూరంగా ఫీల్డింగు సర్దుతున్నాడు. నా వంక చూశాడు. ఏదో ఒకటి చెప్పొచ్చు. మా మేనత్త కొడుకు అనొచ్చు. కార్డు ఇంట్లో ఉంది, తెస్తాం అనొచ్చు. ముందు అన్నని పిలవొచ్చు.

"మా ఊరోడు కాదండీ. కోతలకొచ్చాడు" అన్నాను.

నిజమే చెప్పాను. ఎవరూ నన్ను గట్టిగా అడగనైనా లేదు. అది నా నోట అంత తేలిగ్గా ఎట్లా వచ్చిందో ఇన్నేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను. బల్ల ముందు నిలబడ్డవాళ్ళు పెద్దవాళ్ళు, నేను పేటలో చదువుకుంటున్న పిల్లాణ్ణి, అబద్ధం చెప్పనివాణ్ణి అనిపించుకోవాలని కావచ్చు. లేకపోతే ఇంకోటి. నేను పుట్టిపెరిగిన ఊరి జట్టులో నాకు లేని చోటు వాడికి ఉండటం నాకు లోపల్లోపల నచ్చలేదు కావచ్చు.

వాణ్ణి తీసేసి ఇంకొకర్ని దింపండి, లేదంటే మ్యాచ్ వాళ్ళకిచ్చేస్తాం అన్నారు. మా దగ్గర పన్నెండోవాడు లేడు. ఉన్నది స్కోరర్. అన్న ఏమీ అనలేదు, రమ్మని చెయ్యూపాడు. నేను ఆదోని మీద అడ్డగీత కొట్టి లేచాను. అప్పుడు వాడు నా దగ్గరికొచ్చి నోట్‌బుక్కు, పెన్ను తీసుకున్నాడు.

"నువ్వు పో. నేను రాసుకుంటాలే" అన్నాడు.

వాడు రాయగలడని కూడా నాకు తెలీదు.

ఆ మ్యాచ్ మేం తొమ్మిది పరుగుల తేడాతో ఓడిపోయాం. నేను ఒక క్యాచ్ వదిలేశాను. చివర్లో బ్యాటింగుకి దిగి ఒక్క బంతి ఆడి బౌల్డ్ అయ్యాను. తిరిగొచ్చి నోట్‌బుక్కు చూసుకున్నాను. లెక్కలన్నీ సరిగ్గా ఉన్నాయి. బంతులకి చుక్కలు, వికెట్లకి గుణకారం గుర్తులు, అన్నీ నేను వేసినట్టే. కొట్టేసిన పేరుని అలాగే వదిలేసి, కింద పదకొండో పేరుగా నా పేరు రాశాడు. ఇంటిపేరుతో సహా, ఒత్తులు తప్పులేకుండా.

వాడికి నా పేరు తెలుసు.

నాలుగో ఏడు వాళ్ళ లారీ మా ఊరు రాలేదు. ఇంకేదో ఊరికి వెళ్ళుంటారు. ఆ నోట్‌బుక్కు ఎప్పుడో ఇల్లు సర్దినప్పుడు పాత పేపర్లతో పాటు పోయింది.

*

"మూడేళ్ళు వచ్చాడుగా" అని అన్న అన్నప్పుడు నేను వెంటనే లెక్క వేశాను. సీజనుకి మూడు నెలలు. మూడేళ్ళకి తొమ్మిది నెలలు. వరసగా కూడా కాదు. "రూలు ప్రకారం చాలదులే అన్నా" అన్నాను.

"నువ్వు స్కోరరువేరా" అన్నాడు. తిట్టాడో మామూలుగా అన్నాడో తెలీలేదు. అప్పుడే ఎవరో విత్తనాల కోసం వస్తే లేచి లోపలికెళ్ళాడు.

జూలై 6న బులవాయోలో స్కాట్లాండ్ మీద ఆఖరి మ్యాచ్. వరల్డ్ కప్‌కి వెళ్ళాలంటే 278 పరుగుల్ని 44 ఓవర్లలో కొట్టాలి. బాస్ డి లీడె ఐదు వికెట్లు తీసి, 92 బంతుల్లో 123 కొట్టాడు. 42.5 ఓవర్లలో అయిపోయింది. వెస్టిండీస్ ఇంటికెళ్ళింది, నెదర్లాండ్స్ ఇండియాకొచ్చింది. అన్న రాత్రి ఫోన్ చేసి "మనోడు వస్తన్నాడు గదా, టిక్కెట్లు దొరుకుతయ్యా?" అని అడిగాడు.

వరల్డ్ కప్‌కి ముందు డచ్చివాళ్ళు బెంగళూరు దగ్గర ఆలూరులో క్యాంపు పెట్టారు. ఇండియాలో స్పిన్ ఆడాలి, ఎడమచేతి పేస్ ఆడాలి, అలాంటి బౌలర్లు వాళ్ళకి కావాలి. అందుకు వాళ్ళు చేసిన పని, నెట్ బౌలర్లు కావాలని సోషల్ మీడియాలో ప్రకటన ఇవ్వటం. బౌలింగు వేస్తున్న వీడియో పంపిస్తే చాలు. దాదాపు పదివేల మంది పంపారు. నలుగురిని తీసుకున్నారు. అందులో ఒకరు చెన్నైలో ఇంటింటికీ ఫుడ్ డెలివరీ చేసే ఎడమచేతి స్పిన్నర్. ఆ వార్త అందరూ సంతోషంగా షేర్ చేసుకున్నారు. నేనూ చేశాను. తర్వాత ఆ పదివేలు అన్న అంకె దగ్గర ఆగిపోయాను. ఆ వీడియోల్లో ఎన్ని ఎండిన చెరువులున్నాయో, ఎంతమంది కూలి మానుకుని వీడియో తీయించుకున్నారో. ఆ కుప్పలో వాడు కూడా ఉన్నాడేమో అని ఒక్క క్షణం అనుకున్నాను. ఉన్నా నేను పోల్చుకోలేను. వీడియో కింద ఆదోని అని రాసి ఉండదు కదా.

అక్టోబర్ 6న ఉప్పల్ స్టేడియం. పాకిస్తాన్, నెదర్లాండ్స్. అన్న మిరప తోటకి మందు కొట్టే పని ఆపుకుని బస్సెక్కి వచ్చాడు. మా వెనక వరసలో కాలేజీ కుర్రాళ్ళు తేజ బ్యాటింగుకి దిగగానే లేచి నిలబడి "మనోడు, మనోడు" అని అరిచారు. అన్న కూడా అరిచాడు. నాకు గొంతు పెగల్లేదు. హారిస్ రౌఫ్ బంతికి ఐదు పరుగులకే అవుటై తల దించుకుని వెళ్ళిపోతుంటే, ఆ కుర్రాళ్ళలో ఒకడు "ఛ, విజయవాడోడు పరువు తీశాడు" అన్నాడు. అరనిమిషంలో మనోడు కాస్తా విజయవాడోడైపోయాడు.

పుట్టి, చిన్నప్పుడే వెళ్ళిపోయినవాడు మనోడా? వచ్చి, మనతో పాటు చెరువులో పిచ్ తడిపినవాడు మనోడా? మా ఊళ్ళో ఈ ప్రశ్నకి జవాబు ఎప్పుడూ ఒకటే అనుకుంటాను. ఎదిగినవాడు మనోడు. అవసరం తీరినవాడు పరాయివాడు. తేజని మనం మనోడనుకోవటానికి మనకేం ఖర్చు కాలేదు. అతని వీసా మనం ఇవ్వలేదు, ఉద్యోగం ఇవ్వలేదు, జట్టులో చోటు ఇవ్వలేదు. అవన్నీ ఇచ్చింది, క్రికెట్ అంటే ఏమిటో సగం మందికి తెలియని ఇంకో దేశం. అక్కడా ఎవడో స్కోరర్ ఉండే ఉంటాడు. ఆ పేరు అక్షరాలు ఎట్లా రాయాలో అడిగి రాసుకునే ఉంటాడు.

ఆ టోర్నీలో నెదర్లాండ్స్ ధర్మశాలలో సౌతాఫ్రికాని, కోల్‌కతాలో బంగ్లాదేశ్‌ని ఓడించింది. మిగతావన్నీ ఓడి పదో స్థానంలో ఆగింది. దీపావళి రోజు బెంగళూరులో ఇండియా 410 కొడితే, తేజ ఆఖరి దాకా ఉండి 39 బంతుల్లో 54 చేశాడు. ఆరు సిక్సర్లు. రోహిత్ శర్మ సరదాకి బౌలింగు వేసి అతని వికెట్ తీశాడు. 2027కి జట్లు మళ్ళీ 14 అవుతాయి. పదింటికి నేరుగా చోటు, నాలుగింటికి క్వాలిఫయర్. వాళ్ళు ఆ వరల్డ్ కప్ మెట్లు ఎక్కటం మళ్ళీ కిందినుంచి మొదలుపెట్టారు.

*

ఆ ఏడు మిరప కోతలప్పుడు ఊరెళ్ళాను. మండలం టోర్నమెంటు కమిటీలో ఇప్పుడు అన్న ఒకడు. కరపత్రం నా చేతే టైపు చేయించాడు. ఆధార్ రూలు దగ్గరికొచ్చి ఆగాను. "సీజనుకి ఊళ్ళో ఉండి పనిచేసేవాళ్ళు కూడా ఆడొచ్చు అని రాద్దామా?" అన్నాను.

అన్న చాలాసేపు ఆలోచించాడు. "రాస్తే, అవతలోళ్ళు ఆటగాళ్ళని తెచ్చి రెండ్రోజులు చేలో నిలబెట్టి ఫోటో తీస్తారురా" అన్నాడు. అదీ నిజమే. చివరికి ఒక మాట ఒప్పుకున్నాడు. కోతలకొచ్చినవాళ్ళు జట్టుకి ఇద్దరి దాకా ఆడొచ్చు, ముఠా మేస్త్రి వచ్చి చెప్తే చాలు. కమిటీ ఒప్పుకుంటుందో లేదో చూద్దామన్నాడు. ఒప్పుకుంది. ఆ ఏడు అలా ఆడటానికి ఒక్కరూ రాలేదు. మ్యాచ్ రోజు కూలి ఎవరిస్తారో కరపత్రంలో రాయలేదు మరి.

ఊరు వదిలేముందు రోజు సాయంత్రం గుడారాల దగ్గరికి వెళ్ళాను. చేలో ఇంకా కోస్తున్నారు. గట్టు మీద ఒక పెద్దామె టిక్కీల సంచులు కుడుతోంది. మీరెక్కడివాళ్ళమ్మా అంటే ఆదోని పక్క అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. పదేళ్ళ కింద మా ఊరొచ్చేవాడు, ఇంత పొడుగు, బంతి బాగా విసిరేవాడు, మేం ఆదోనోడు అనేవాళ్ళం అని గబగబా చెప్పుకుపోయాను.

ఆమె కుట్టటం ఆపి నా మొహంలోకి చూసింది.

"ఈడుండేటోళ్ళందరం ఆదోనోళ్ళమే గదప్పా. పేరు చెప్పు. పేరు ల్యాకుండా యాడ కనుక్కునేది?"

నేను నిలబడి ఉన్నాను. ఆమె కాసేపు చూసి, మళ్ళీ సూది అందుకుంది.